భాషాభ్యాసమున ఆవృత్తియు, పరీక్షముందటి వల్లెయు

పరీక్షలు సమీపించిన కొలదిని మన బాలబాలికలు అర్ధరాత్రమువఱకు ఆంగ్లపదములను వల్లెవేయుట ఇంటింటను కానవచ్చును. అది వ్యర్థశ్రమ యని కొందఱు పెద్దలు మందలింతురు. అదియే నిజమైన చదువని మఱికొందఱు సంతసింతురు. ఇరువురి మాటయు సగమే నిజమని మా యభిప్రాయము.

జర్మను పండితుడగు ఎబ్బింగ్‌హౌసు అర్థములేని అక్షరకూటములను తానే కంఠస్థము చేయుచు, మఱపును కొలిచి, 1885లో గ్రంథముగా ప్రకటించెను. పండ్రెండు కూటముల వరుసను ముందటి దినమున 68 మాఱులు వల్లించుటవలన కలిగిన ఫలమే, మూడు దినములకు పంచి 38 మాఱులు వల్లించుటవలనను అతనికి కలిగెను. శ్రమ సగమునకు కొంచెము మించినది, ఫలము సమానము.

ఈ మర్మము మన కోనసీమ వేదపండితులకు క్రొత్తది కాదు. గురువు సంత చెప్పగా శిష్యులు పలికి, చదివిన భాగమును మరుసటి దినములలో విడువక ఆవృత్తి చేయుదురు. సంహితయు, పదమును, క్రమమును వచ్చిన పిదపనే ఘనపాఠము. అందు మూడు పదములను 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అని పలుకుదురు. మూడు పదములకు 13 పలుకులు! ఇంత దట్టమైన అభ్యాసము దీర్ఘకాలపు ఆవృత్తిమీద నిలుచునదే గాని దానికి బదులు వచ్చునది కాదు.

పదముల నేర్చుటకు నేడు పెట్టెపద్ధతి కలదు. లైట్నరు అను నాతడు 1972లో దీనిని ప్రచారము చేసెను. చీటికి ఒకవైపు ఆంగ్లపదము, వేఱొకవైపు తెలుగు వ్రాయవలయును. సరిగా చెప్పిన చీటి తరువాతి అఱకు పోవును. తప్పినది మొదటి అఱకు వచ్చును. మొదటి అఱను నిత్యము, తక్కినవానిని అంతకంతకు ఆలస్యముగ చూడవలయును.

ఇక అదనపు వల్లె యెచ్చట? పెట్టె ఒక్కొక్క చీటినే అడుగును గావున, ఒకదానిని పోలిన మఱియొకటి ప్రక్కప్రక్కన కనబడవు. క్వైట్, క్వయెట్ అను మాటల వర్ణక్రమము అట్టిదే. తుది రెండక్షరములు తాఱుమాఱైనంతనే అర్థము మాఱును. అట్టి జంటలను ఏఱి, ఒకచోట కూర్చి, ఒక సాయంకాలము గట్టిగా వల్లించుట మిక్కిలి మేలు. పరీక్షముందటి రాత్రి కష్టపదములనన్నిటిని తీయుటయు తప్పు కాదు.

అయితే ఒక్క జాగ్రత్త. పదిమాఱులు పలికి పదునొకండవమాఱు తప్పులేక చెప్పుట, నోటిలో ఇంకను ఆఱని మాటను చెప్పుటయే. ఆ జయమును చూచి చీటిని ముందు అఱకు పంపరాదు. తీసిన అఱలోనే ఉంచవలయును. తప్పిన చీటి మాత్రము నిర్దాక్షిణ్యముగ మొదటి అఱకు రావలయును. ఎంత వల్లించినను రానిమాట నిజముగ రానిమాటయే గదా!

తలిదండ్రులకు ఒక విన్నపము. పిల్లలను చదువుమని గాక, పుస్తకము మూయించి అడుగుడు. రోడిగరు, కార్పికీ అను అమెరికా పండితులు 2006లో ప్రకటించిన పరిశోధనలో, మరల మరల చదివినవారు అయిదు నిమిషములకు మేలుగా చెప్పిరి. పుస్తకము చూడక జ్ఞప్తికి తెచ్చుకొన్నవారు వారమునకు మేలుగా చెప్పిరి.

పరీక్ష ముగిసిన మూడవదినమున పెట్టెను మరల తెఱువుడు. ఆ రాత్రి వల్లించిన పదములలో ఎన్ని నిలిచినవో అప్పుడు తెలియును.