పైన ఏది? కింద ఏది?

తమ్ముళ్ళూ, హాస్టల్లో కరెంటు పోయిన రాత్రి మీరెప్పుడైనా గమనించారా? కటిక చీకట్లో కూడా మన ట్రంకుపెట్టె ఎక్కడుందో, తలుపు ఎటుందో తెలిసిపోతూనే ఉంటుంది. పగలైతే మరీ తేలిక. థర్మల్ స్టేషను పొగగొట్టాలు కనిపిస్తే చాలు, కృష్ణ ఎటుందో, కొండపల్లి ఎటుందో ఇబ్రహీంపట్నంలో చిన్నపిల్లవాడైనా చెబుతాడు. ఈ తెలివంతా కళ్ళదే అనుకుంటాం. కాని అందులో చెవికి కూడా వాటా ఉంది!

లోపలి చెవిలో ఒక జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్‌తో తయారైన అతి చిన్న స్ఫటికాలుంటాయి. తల వంచగానే బరువుకి అవి ఒక పక్కకి జరుగుతాయి. వాటి అడుగున ఉండే సన్నని వెంట్రుకల్లాంటివి ఆ కదలికను మెదడుకి చేరవేస్తాయి. కళ్ళు మూసుకున్నా 'కింద' ఎటుందో మనకి తెలిసేది ముఖ్యంగా ఇందువల్లనే.

మరి అంతరిక్షంలోనో? అక్కడ భూమ్యాకర్షణ లేదని చాలామంది పొరబడతారు. (పదో తరగతి పరీక్షలో నేనూ అలాగే రాశాను.) సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దగ్గర కూడా నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఆకర్షణ ఉంటుంది. బావిలో తాడు తెగితే బొక్కెన, అందులోని నీళ్ళు కలిసే పడతాయి కదా! అలాగే ఆ కేంద్రం, అందులో మనుషులు, వాళ్ళ చెవుల్లో స్ఫటికాలు అన్నీ కలిసి పడుతూనే ఉంటాయి. గంటకి 28 వేల కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతుండటం వల్ల నేలను తాకవు, అంతే. స్ఫటికాలకి బరువు తెలియదు కాబట్టి 'కింద' అనే కబురు మెదడుకి అందదు.

1961 ఆగస్టులో సోవియట్ వ్యోమగామి గెర్మన్ టిటోవ్ కక్ష్యలోకి చేరగానే తాను తలకిందులైనట్టు భ్రమపడ్డాడు, వికారంతో బాధపడ్డాడు. కొందరికి ఇంకో చిత్రం జరుగుతుంది. ఎదురుగా తోటి మనిషి తలకిందులుగా తేలుతూ కనిపిస్తే, ఒక్క క్షణంలో గది మొత్తం తిరగబడి కప్పు కాస్తా నేలగా తోస్తుంది. అందుకే అక్కడి గదుల్లో దీపాలు ఒక పక్కనే అమర్చి దాన్ని 'పైభాగం' అని ఖాయం చేసుకున్నారు. రష్యావారి మీర్ కేంద్రంలో గదుల్ని వేర్వేరు కోణాల్లో అతికించడంతో, అందులో నెలల తరబడి ఉన్నవాళ్ళు సైతం గోడకి అవతల ఏ గది ఎటుందో చెప్పడానికి తడబడేవారు.

1998లో కొలంబియా నౌకలో చేసిన ప్రయోగం నాకు మరీ ఇష్టం. వ్యోమగామి చేతి వైపు ఒక బంతిని పైనుంచి వదులుతారు. అక్కడ బంతి వేగం పెరగదు, ఒకే వేగంతో వస్తుంది. అయినా పట్టేవాడి చెయ్యి ముందే బిగుసుకుంది! బంతి భూమి మీదలాగే వేగం పుంజుకుంటుందని మెదడు లెక్కవేసిందన్నమాట. రోజులు గడిచినా ఆ లెక్క పూర్తిగా మారలేదు. అదే యాత్రలో ఎలుకల్నీ పరీక్షించారు. మెదడులో చోటును గుర్తుపట్టే కణాలు నాలుగో రోజున కొన్ని ఎలుకల్లో గజిబిజిపడ్డా, తొమ్మిదో రోజుకి సర్దుకున్నాయి.

ఇదంతా నేనెందుకు చదివానంటే, పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ రెండుసార్లు తప్పాను. ఒక దిమ్మెను బొమ్మలో పక్కకి తిప్పి, పైనుంచి ఎలా కనిపిస్తుందో గీయమంటే బుర్ర పనిచేసేది కాదు. హాస్టల్ నుంచి వచ్చినవాళ్ళకి ఇవి అబ్బవని ఒక మాస్టారు అన్నారు, నేను నమ్మాను కూడా. ఏళ్ళ తర్వాత తెలిసింది, గది ఒక పక్కకి తిరిగితే ఏరికోరి ఎంపిక చేసిన వ్యోమగాములే దారి తప్పుతారని! వాళ్ళు ఎగరబోయే ముందు నేల మీద నమూనా గదుల్లో తిరిగి తిరిగి సాధన చేస్తారు. నేను సబ్బుబిళ్ళల్ని కోసి, తిప్పి చూసుకుంటూ గీశాను. మూడోసారి గట్టెక్కాను.

మన తెలుగు మూలాలున్న రాజాచారి (తండ్రి హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళారు) 2021 నవంబరు నుంచి 2022 మే వరకు 177 రోజులు పైన ఉండి, రెండుసార్లు కేంద్రం బయటికొచ్చి పనిచేశారు. 2025లో మన శుభాంశు శుక్లా వెళ్ళారు. తిరిగొచ్చాక ఆయన మంచం మీద ల్యాప్‌టాప్ మూసి, గాలిలో తేలుతుందనుకుని పక్కకి తోసేశారట. కింద తివాచీ ఉండబట్టి సరిపోయింది.