బిలాస్‌పూర్‌కు రెండు తరాల కళ్లు కావాలి

దేశ రాజధానిలో ఛాయాచిత్రకారులకు కొదవ లేదు. శంకుస్థాపన జరిగినా, ఒప్పందంపై సంతకాలు పడినా కెమెరాలు సిద్ధంగా ఉంటాయి. ఆ చిత్రాలు చివరకు ఎవరి వద్ద మిగులుతాయి, వాటిలోని మనుషుల గురించి రేపు ఎవరు చెబుతారు అన్న ప్రశ్నను మాత్రం ఢిల్లీ అరుదుగానే వేసుకుంటుంది.

కుల్వంత్ రాయ్ ఉదంతం ఇందుకు నిదర్శనం. గాంధీ, నెహ్రూ, జిన్నాలను చిత్రించిన ఈ పత్రికా ఛాయాచిత్రకారుడు 1958లో ప్రపంచ పర్యటనకు బయలుదేరి, ఇంటికి తపాలాలో పంపుకున్న నెగటివులు దారిలోనే మాయమయ్యాయి. మిగిలినవి పెట్టెల్లో యువకుడైన ఆదిత్య ఆర్యకు సంక్రమించాయి. 1984లో రాయ్ మరణించాడు. రెండు దశాబ్దాలు దాటాక ఆర్య ఆ పెట్టెలు తెరిచాడు. 2010లో గ్రంథం వెలువడింది. ఆర్య తానూ ఛాయాచిత్రకారుడే కావడం వల్ల ఆ సంపద నిలిచింది. అయితే బొమ్మ మిగిలింది గాని, దాని వెనుక కథ చెప్పవలసిన పెద్దాయన అప్పటికి లేడు.

ఇద్దరూ సజీవులై కలిసి తిరిగిన ఉదాహరణ కూడా ఉంది. 1946లో దక్షిణ భారతంలో కరవు ప్రాంతాలకు అమెరికన్ ఛాయాచిత్రకారిణి మార్గరెట్ బర్క్-వైట్, తనకంటే పద్నాలుగేళ్లు చిన్నవాడైన సునీల్ జానాతో కలిసి వెళ్లింది. ఆమెది ‘లైఫ్’ పత్రిక. ఆయనది కమ్యూనిస్టు పార్టీ పత్రిక. చూసిన ఆకలి ఒకటే. చూసిన కళ్లు రెండు జతలు.

ఈ పద్ధతి అత్యవసరమైన ఊరు ఏదని అడిగితే నేను బిలాస్‌పూర్ పేరు చెబుతాను. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని పెద్ద జంక్షన్‌గా మార్చింది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు ఛత్తీస్‌గఢ్ పొరుగిల్లయింది. రైల్వే కొలువు వెతుక్కుంటూ వచ్చిన మన తెలుగు కుటుంబాలు అక్కడి క్వార్టర్లలో తరాలుగా స్థిరపడ్డాయి. వి.వి.గిరి వంటి నాయకుడు ఈ రైల్వే కార్మికోద్యమం నుంచే ఎదిగిన సంగతి పాఠకులకు విదితమే.

1918 నాటి ‘పలాతక’ సంపుటిలోని ‘ఫాంకి’ అనే కవితలో రవీంద్రుడు ఈ స్టేషన్‌నే రంగస్థలం చేసుకున్నాడు. రోగిష్టి భార్య కోరినా, స్టేషన్ కూలీ భార్యకు ఇవ్వవలసిన డబ్బు ఎగ్గొట్టిన భర్త, భార్య పోయాక పశ్చాత్తాపంతో తిరిగివచ్చి ఆ కూలీ కుటుంబం కోసం వెతుకుతాడు. వారెక్కడికి పోయారో ఎవరికీ తెలియదు. రైల్వే పట్టణంలో మనిషి జాడ ఎంత సులువుగా చెరిగిపోతుందో ఇంతకంటే బాగా చెప్పడం కష్టం.

ఆ జాడను నిలపాలంటే ఆవిరి ఇంజన్ల కాలాన్ని చిత్రించిన వృద్ధుడినీ, చేతిఫోనుతో పెరిగిన యువతినీ జతచేసి అదే యార్డుకు, అదే క్వార్టర్ల వీధికి పంపాలి. ఈమె నేటి బొమ్మ తీస్తుంది; ఆయన నాటి బొమ్మ పక్కన పెట్టి, ఈ వరుసలో నిలబడ్డవారెవరో, 1974 మే సమ్మెలో ఎవరి ఇంటి పొయ్యి వెలగలేదో చెబుతాడు. మారినదేదో ఆమెకు తెలుస్తుంది. మారనిదేదో ఆయనకు తెలుస్తుంది.

ఇది కేవలం కళాభిరుచి వ్యవహారం కాదు. బిలాస్‌పూర్ ప్రజలు ఆందోళన చేసి రైల్వే జోన్ సాధించుకున్నారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే అక్కడ కేంద్రంగా ఏర్పడింది. విశాఖ జోన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనకు ఆ విజయం విలువ తెలుసు. కాని 2022 వేసవిలో విద్యుత్కేంద్రాలకు బొగ్గు చేర్చడానికి ఆ ప్రాంతంలో అనేక ప్రయాణికుల రైళ్లను రద్దు చేశారు. జోన్ వచ్చింది, ప్లాట్‌ఫారం మీద మనిషి మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నాడు. రవాణా అయిన టన్నుల లెక్క ప్రభుత్వం భద్రంగా రాసిపెడుతుంది. ఎదురుచూసిన మనిషి లెక్క రాయవలసింది ఛాయాచిత్రమే.

పెద్ద తరం ఇంకా మన మధ్య ఉంది. ప్రదర్శనలకూ, ప్రచారానికీ వెచ్చించే నిధులలో పిసరంత రైల్వే శాఖ ఇందుకు కేటాయించినా చాలు. శాఖ కదలకపోతే అక్కడి తెలుగు సంఘాలూ, కార్మిక సంఘాలూ పూనుకోవచ్చు. పెట్టె తెరిచేవాడు ఉండగానే, కథ చెప్పేవాడూ ఉండాలి.