సెకండరీ డీఎన్‌ఎస్ ఉంది సరే.. జోన్ అప్‌డేట్ అవుతోందా?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140–150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలిపోయాయి. చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్లో పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయన తన డొమైన్‌కు ప్రైమరీ డీఎన్‌ఎస్ సర్వర్‌ని షాపులోనే పెట్టుకున్నాడనుకోండి. వెబ్‌సైట్, మెయిల్ క్లౌడ్‌లో భద్రంగానే ఉంటాయి. కానీ వాటి అడ్రస్ చెప్పే సర్వర్ ఆగిపోతుంది. ఆదుకోవాల్సింది ఇక సెకండరీయే.

అది టెక్కలిలో ఉంటే లాభం లేదు, తుఫాను అక్కడినీ వదల్లేదు. సెకండరీని దూరంగా, వేరే నెట్‌వర్క్‌లో పెట్టమని 1997లోనే ఆర్‌ఎఫ్‌సీ 2182 చెప్పింది. సరే, హైదరాబాద్‌లో పెట్టాడు. అయినా ఒక చిక్కుంది. జోన్ ట్రాన్స్‌ఫర్ ఆగిపోయినా సెకండరీ పాత కాపీతోనే జవాబులిస్తూ ఉంటుంది. ఎవరికీ అనుమానం రాదు.

డిగ్ కమాండ్‌తో రెండు సర్వర్లనీ విడివిడిగా ఎస్‌ఓఏ రికార్డు అడగండి. సీరియల్ నంబర్లు వేరుగా ఉంటే సెకండరీలో ఉన్నది పాత కాపీ; ఒకటే అయినంత మాత్రాన తాజా కాపీ అని ఖాయం కాదు. రికార్డులనూ పోల్చి చూడాలి. ఎక్కువసార్లు జరిగేది ఏంటంటే, రికార్డు మార్చి సీరియల్ పెంచడం మర్చిపోతారు. సెకండరీ చూసేది ఆ నంబర్‌నే, అది పెరగకపోతే కొత్తదేమీ లేదనుకుంటుంది. ఇంకో తమాషా: 2018101101 బదులు 2081101101 అని కొట్టారనుకోండి. తర్వాత సరిదిద్దినా, చిన్న నంబర్ కాబట్టి సెకండరీ పట్టించుకోదు. బైండ్ వాడేవాళ్లు సెకండరీలో ఆర్‌ఎన్‌డీసీ రీట్రాన్స్‌ఫర్ ఇస్తే చాలు, సీరియల్ చూడకుండా మొత్తం తెచ్చుకుంటుంది.

సీరియల్ పెరిగినా కాపీ రావట్లేదా? ఫైర్‌వాల్ చూడండి. సీరియల్ అడిగే చిన్న ప్రశ్న యూడీపీలో వెళ్లిపోతుంది, ట్రాన్స్‌ఫర్‌కి మాత్రం టీసీపీ పోర్ట్ 53 కావాలి. లాగ్‌లో రిఫ్యూజ్డ్ అని వస్తే ప్రైమరీలోని అలౌ-ట్రాన్స్‌ఫర్ లిస్టులో సెకండరీ ఐపీ లేనట్టే. విసుగొచ్చి అందరికీ ఓపెన్ చేసేయకండి, మీ రికార్డులన్నీ ఎవడైనా ఒక్క కమాండ్‌తో లాగేసుకోవచ్చు.

రోజుల తరబడి కరెంటు పోయి వచ్చిన మెషీన్‌లో ఇంకోటి చూడాలి: టైమ్. సీమాస్ బ్యాటరీ అయిపోయి ఉంటే గడియారం ఎప్పటి తేదీకో వెళ్లిపోతుంది. టీసిగ్ కీ వాడుతుంటే రెండు గడియారాల మధ్య తేడా మామూలుగా 300 సెకన్లు దాటకూడదు. దాటితే కీ సరైనదైనా బ్యాడ్‌టైమ్ అంటుంది.

ఇక ఎస్‌ఓఏలో ఎక్స్‌పైర్ విలువ. 604800 అంటే సరిగ్గా 7 రోజులు. అన్ని రోజులు ప్రైమరీ దొరక్కపోతే సెకండరీ కూడా చేతులెత్తేసి సర్వ్‌ఫెయిల్ ఇస్తుంది. ఉద్దానం లాంటి చోట ఇది బాగా తక్కువ. 2 నుంచి 4 వారాలు పెట్టమని ఆర్‌ఎఫ్‌సీ 1912 సలహా. నా ఓటు 2419200కే, అంటే 28 రోజులు.

ప్రైమరీ ఇక లేవదని తేలితే, గడువు ముగిసేలోపే సెకండరీలోని జోన్‌ని ప్రైమరీగా మార్చేయొచ్చు. బైండ్ 9.9 నుంచి సెకండరీ ఫైల్ డిఫాల్ట్‌గా రా ఫార్మాట్‌లో ఉంటుంది, ఎడిటర్‌లో తెరిస్తే ఏమీ అర్థం కాదు. ముందు నేమ్‌డ్-కంపైల్‌జోన్‌తో టెక్స్ట్‌గా మార్చుకోవాలి.