రాన్స్ నగరం, ద్రాక్షతోటలు, ఒక వితంతువు

మద్యం తయారయ్యే చోటు గురించి ఆడవాళ్ల పేజీలో ఏమిటమ్మా అని ముందే నొసలు ముడవకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన గడ్డ మనది, ఆ సంగతి నేనూ మరిచిపోలేదు. ఇక్కడ చెప్పబోయేది తాగడం గురించి కాదు. ఒక ఊరి గురించి, ఆ ఊరి అడుగున ఉన్న నేలమాళిగల గురించి, ఇరవై ఏడో ఏట భర్తను పోగొట్టుకున్న ఒక ఇల్లాలి గురించి.

పారిస్ వెళ్లే మనవాళ్లు చాలామంది ఐఫిల్ టవరు ముందు ఫొటో తీయించుకుని, మర్నాడే స్విట్జర్లాండ్ బస్సెక్కేస్తారు. ఒక్క రోజు మిగుల్చుకోగలిగితే ఈశాన్యంగా ఉన్న రాన్స్ నగరానికి వెళ్లి రండి. రాతలో చూస్తే రెయిమ్స్ అని చదవాలనిపిస్తుంది, వాళ్లు మాత్రం ముక్కుతో రాన్స్ అంటారు. వేగంగా పోయే రైలులో ముప్పావుగంట ప్రయాణం. మావారూ నేనూ టూరు బస్సులో వెళ్లాం కనుక దాదాపు రెండు గంటలు పట్టింది.

ఊళ్లో మొదట చూపించేది మేరీమాత పేరిట కట్టిన పెద్ద చర్చి. 1211లో పని మొదలుపెట్టారు. ఫ్రాన్సు రాజులకు పట్టాభిషేకం జరిగేది ఇక్కడే. 1429లో ఏడవ చార్లెస్‌కు కిరీటం పెట్టిన రోజున పక్కన నిలబడ్డది జోన్ ఆఫ్ ఆర్క్ అనే పల్లెటూరి పిల్ల. లోపలా బయటా కలిపి రెండువేలకు పైగా శిల్పాలున్నాయట. అన్నిటినీ ఎవరు చూడగలరు? ఒక్క దేవదూతను చూస్తే చాలు. పడమటి వాకిలి దగ్గర నిలబడి, ఏదో చిలిపి మాట విన్నట్టు నవ్వుతూ ఉంటాడు. 1914 సెప్టెంబరులో జర్మను ఫిరంగులు ఆ చర్చిని కాల్చినప్పుడు ఈ నవ్వే తల తెగి కిందపడి ముక్కలైంది. ఆ ముక్కలు ఎవరో జాగ్రత్తగా ఏరి దాచబట్టి, 1926లో మళ్లీ అతికించి నిలబెట్టారు. చర్చి లోపల షగాల్ గీసిన నీలి గాజు కిటికీలు కూడా ఉన్నాయి. అవి 1974 నాటివి. వాటి ముందు మా గైడు ఎక్కువసేపు నిలబడనివ్వలేదు. టూర్లతో వచ్చిన చిక్కే ఇది.

ఇక నేలమాళిగలు. ఈ ప్రాంతమంతా అడుగున సుద్దరాయి. రోమనుల కాలం నుంచి ఇళ్లూ గోడలూ కట్టుకోవడానికి ఆ రాయి తవ్వుకుపోయారు. మిగిలిన గోతులు పైన సన్నగా, కింద వెడల్పుగా, లోపలినుంచి చూస్తే గోపురాల్లా ఉంటాయి. ఎండైనా మంచైనా అక్కడ పది పన్నెండు డిగ్రీల చలే. ద్రాక్షసారాయం నిలవ చెయ్యడానికి అంతకంటే ఏం కావాలి? పోమ్మరీ వారి కొట్టులోకి 116 మెట్లు దిగాలి, ముప్ఫై మీటర్ల లోతు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి, దిగినవాళ్లు ఎక్కాలి కదా! మొదటి ప్రపంచయుద్ధంలో ఊరి మీద గుళ్లు కురుస్తుంటే జనం నెలల తరబడి ఇలాంటి మాళిగల్లోనే కాపురం చేశారు. పిల్లలకు బడి కూడా అక్కడే. సీసాల వరసల మధ్య పలకలు పట్టుకు కూర్చున్న పిల్లల్ని ఊహించుకుంటే నాకు గుండె చెరువైంది.

ఇంతకీ షాంపేనులో ఆ నురగ ఎక్కణ్ణుంచి వస్తుంది? మనకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే ఇడ్లీపిండిని తలుచుకోండి. రాత్రి రుబ్బి మూత పెడితే తెల్లారేసరికి పొంగుతుంది, లోపల గాలి పుట్టింది కనుక. ద్రాక్షరసం కూడా ఒకసారి అలా పులుస్తుంది. తర్వాత రకరకాల తోటల రసాలు కలిపి, సీసాల్లో పోసి, కాస్త పంచదారా కాస్త ఈస్టూ వేసి బిగించేస్తారు. లోపల రెండోసారి పులిసినప్పుడు పుట్టిన గాలికి బయటికి దారి లేదు. అందుకని రసంలోనే కరిగి కూర్చుంటుంది. ఆ ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి రెండింతలు పైనే. పూర్వం సీసాలు టపటపా పేలిపోతుండేవి. కొట్టుల్లో పనివాళ్లు మొహానికి ఇనప ముసుగులు కట్టుకుని తిరిగేవారట. డోమ్ పెరిన్యోఁ అనే సన్యాసి ఈ నురగను కనిపెట్టాడని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. ఆయన ఒవీయేర్ మఠంలో మంచి సారాయం చేసిన మాట నిజమేగాని, నురగ రాకుండా చూడాలన్నదే ఆయన తాపత్రయం.

నురగ సరే, పని ముగిసి చచ్చిన ఈస్టు సీసా అడుగున మడ్డిగా మిగులుతుంది. దాన్ని తియ్యాలంటే నురగ పోతుంది, తియ్యకపోతే సారాయం మసకేస్తుంది. ఈ చిక్కు విప్పినావిడ బార్బ్ నికోల్ పోన్సార్డాఁ. 1777లో రాన్స్‌లో పుట్టింది. ఫ్రాన్స్వా క్లికోతో పెళ్లయింది. 1805లో భర్త పోయాడు, చేతిలో చిన్న ఆడపిల్ల. మామగారు వ్యాపారం మూసేద్దామనుకుంటే, నేను నడుపుతాను అని అడిగి ఒప్పించింది. నాలుగేళ్లు అనుభవమున్న వ్యాపారితో పొత్తు కలిసి పని నేర్చుకుని, తర్వాత తానే యజమానురాలైంది.

1816 ప్రాంతంలో ఆవిడ ఒక బల్లకు చిల్లులు పెట్టించి, సీసాల్ని తలకిందులుగా గుచ్చి, రోజూ కొంచెం కొంచెం తిప్పించింది. వంటింటి బల్లకే చిల్లులు పెట్టించిందని అక్కడ చెప్పుకుంటారు. కొన్ని వారాలకు మడ్డంతా మూతి దగ్గరికి జారుతుంది. బిరడా తీయగానే ఒత్తిడికి మడ్డి ఎగిరిపోతుంది, రసం తేటగా మిగులుతుంది. ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలే తిప్పుతున్నాయి, పద్ధతి మాత్రం అదే. 1814లో, యుద్ధం ఇంకా సద్దుమణగకముందే, తోటి వ్యాపారులకు తెలియనివ్వకుండా పదివేలకు పైగా సీసాలు ఓడలో రష్యాకు పంపింది. నాకు ఈ తెగువే ఎక్కువ నచ్చింది.

సీసా మీద పేరు వవ్ క్లికో. వవ్ అంటే ఫ్రెంచిలో వితంతువు. మనవైపు ఆ మాటకున్న విలువేమిటో మీకు చెప్పక్కర్లేదు. తిట్టుకూ అదే, అపశకునానికీ అదే. ఆవిడ ఆ మాటనే సీసాకు అంటించి రాజుల విందుబల్లల మీద పెట్టించింది. అయితే దీనికి ఇంకో వైపు ఉంది, అది గైడు చెప్పలేదు. 1804 నాటి నెపోలియన్ చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా ఒప్పందం మీద సంతకం చెయ్యడానికి లేదు. వితంతువుకు ఆ అడ్డు లేదు. అంటే భర్త బతికుంటే ఆవిడ తెలివంతా ఆయన సంతకం చాటున ఉండిపోయేదన్నమాట. ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకోకుండా 1866 దాకా బతికింది. ఎందుకు చేసుకోలేదో మీరే ఆలోచించండి. తర్వాత లూయీజ్ పోమ్మరీ కూడా 1858లో భర్త పోయాకే వ్యాపారం చేపట్టి, 1874లో తీపి తక్కువ రకం తెచ్చి ఇంగ్లీషువాళ్లను మెప్పించింది.

మధ్యాహ్నం తోటలకు తీసుకెళ్లారు. హైదరాబాదు చుట్టుపక్కల అనాబెషాహి ద్రాక్షపందిళ్లు చూసిన కళ్లకు ఇవి తోటల్లాగే అనిపించవు. నడుమెత్తు మొక్కలు, తీగెలకు కట్టి, దువ్వి జడ వేసినట్టు వరసలు. రెండు నల్ల ద్రాక్షలు, ఒక తెల్ల ద్రాక్ష ముఖ్యం. నల్లవాటిని తొక్క రంగు దిగకుండా మెల్లగా పిండుతారు కనుక రసం తెల్లగానే వస్తుంది. వెర్జెనే గ్రామంలో ద్రాక్షతోటల నడుమ ఒక లైట్‌హౌసు ఉంది. సముద్రం ఎక్కడా లేదు! 1909లో ఒక వ్యాపారి ప్రకటన కోసం కట్టించాడట.

ఇక్కడ కోతంతా చేత్తోనే జరగాలన్నది నియమం. వంగి వంగి కొయ్యాలి, నడుము పడిపోతుంది. వరినాట్లు వేసే మన ఆడవాళ్లకు ఈ మాట ఇంకొకరు చెప్పక్కర్లేదు. 2023 కోతల్లో ఎండలు మండిపోయి కొందరు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గాజుగ్లాసులో బుడగలు చూపించేటప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తరు. నేను మా బస్సులో ఎత్తాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

రుచి చూడమన్నప్పుడు వద్దంటే ఎవరూ నొచ్చుకోరు, ద్రాక్షరసమో మంచినీళ్లో ఇస్తారు. మాళిగలోకి వెళ్లేటప్పుడు ఎండాకాలమైనా స్వెట్టరు తప్పనిసరి, చీర కట్టుకున్నవాళ్లు జారని చెప్పులు వేసుకోవాలి. ఊళ్లో గులాబీరంగు బిస్కత్తులు అమ్ముతారు, రెండుసార్లు కాల్చి కరకరలాడేట్టు చేస్తారు. పిల్లలకు తెద్దామని కొనేముందు శాకాహారులు ఒకటి గుర్తుపెట్టుకోండి, వాటిలో గుడ్డు ఉంటుంది.