పాటకు పని ఉన్నంత కాలం

కెనడా తూర్పు అంచున, నోవా స్కోషియాలో కేప్ బ్రెటన్ అనే దీవి ఉంది. స్కాట్లండు ఉత్తరాది కొండసీమల నుంచి, పడమటి దీవుల నుంచి రెండు వందల ఏళ్ల కిందట వలస వచ్చినవారి సంతతి అక్కడ ఉంది. వాళ్ల భాష గేలిక్. మన తెలుగు సంఘం సంబరాల సంచికలో వాళ్ల గురించి రాయడానికి కారణం ఉంది. మనకంటే ఎన్నో తరాల ముందు సముద్రం దాటి వచ్చి, పాటనూ కథనూ ఇంటి భాషలో నిలుపుకోవడానికి పెనుగులాడినవాళ్లు వాళ్లు. ఏం చేస్తే పాట నిలిచిందో, ఏం చేయకపోతే చేజారిందో వాళ్ల చరిత్ర చూస్తే తెలుస్తుంది.

1746లో కల్లోడెన్ యుద్ధంతో కొండసీమల పాత వ్యవస్థ కూలిపోయింది. ఆ తర్వాత భూస్వాములు కౌళ్లు పెంచారు. గొర్రెల పెంపకం లాభసాటిగా కనిపించేసరికి రైతులను ఊళ్ల నుంచే వెళ్లగొట్టారు. 1773 సెప్టెంబరులో హెక్టర్ అనే ఓడ దాదాపు రెండు వందల మందితో నోవా స్కోషియాలోని పిక్టౌ రేవు చేరింది. 19వ శతాబ్దం తొలి సగంలో వేల కుటుంబాలు కేప్ బ్రెటన్‌లో దిగాయి. బారా దీవివాళ్లు అయోనా, క్రిస్మస్ ఐలండ్ చుట్టుపక్కల, లూయిస్, హారిస్ దీవులవాళ్లు నార్త్ షోర్‌లో, లోకబర్ సీమవాళ్లు మబూలో స్థిరపడ్డారు. ఒక ప్రాంతంవాళ్లంతా ఒకేచోట ఇళ్లు కట్టుకోవడంతో యాస, పాట వరస, పితృనామాలు కలిపి మనిషిని పిలిచే పద్ధతి చెక్కుచెదరలేదు. వెంట తెచ్చుకున్న పాటలతో సరిపెట్టుకోలేదు కూడా. టైరీ దీవి నుంచి 1819లో వచ్చిన జాన్ మెక్లీన్ అనే కవి కొత్త దేశపు చీకటి అడవి మీద, అందులో పడ్డ దిగులు మీద గేలిక్‌లో పాట కట్టాడు. వలస బతుకు కష్టసుఖాలకు కూడా ఆ భాషలోనే మాటలు దొరికాయి.

ఈ పాటలు బతికిన చోటు ఏదో దగ్గరగా చూడాలి. మగ్గం మీద నుంచి తీసిన ఉన్ని గుడ్డ వదులుగా ఉంటుంది. దాన్ని తడిపి బాగా బాదితేనే దగ్గరపడి, మందమై చలికి ఆగుతుంది. అందుకని పొడవాటి బల్ల వేసి ఇరువైపులా ఆరేడుగురేసి కూర్చుంటారు. తడి గుడ్డను రెండు చేతులా పట్టి బల్లకేసి కొట్టడం, ముందుకు నెట్టడం, వెనక్కి లాగడం, పక్కవాళ్లకు అందించడం. అలా గుడ్డ బల్ల చుట్టూ తిరుగుతుంది. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లంతా వంత పాడతారు. దెబ్బే తాళం. పాట అయ్యాక ఒకరు వేళ్లతో వెడల్పు కొలిచి చూస్తారు. గుడ్డ ఇంకా దగ్గరపడాలంటే ఇంకో పాట. ఇలా ఒక్కో పాటకు పదులకొద్దీ చరణాలు నిలిచిపోయాయి. స్కాట్లండులో ఇది ఆడవాళ్ల పని. కేప్ బ్రెటన్‌లో మగవాళ్లూ బల్ల దగ్గర చేరారు. ఈనాడు ఇంట్లో నేసే గుడ్డ లేదు, బాదే అవసరమూ లేదు. అయినా పాత దుప్పటి ఒకటి తెచ్చి అదే బల్ల చుట్టూ కూర్చుని పాడుతూనే ఉన్నారు. ఇక్కడ చూసేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు అన్నది లేదు. చరణం రాని పిల్లవాడు కూడా గుడ్డ పట్టుకుని వంత పాడవచ్చు; పాడుతూ పాడుతూనే చరణం పట్టుబడుతుంది.

చలికాలపు రాత్రుళ్లు కథలవి. పొయ్యి వెలిగి ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు చేరతారు. గేలిక్ పురాణాల్లోని ఫియన్ వీరుల గాథలు, దయ్యాల కథలు, పొడుపుకథలు, ఫిడేలు, వంటింటి నేల మీద అడుగుల తాళం. ఈ కూడికను కేలీ అంటారు. మిడిల్ కేప్‌కు చెందిన జో నీల్ మెక్‌నీల్ (1908–1996) ఇలాంటి ఇళ్లలో పెరిగిన కథకుడు. ఆయన చెప్పిన కథలను జాన్ షా సంపాదకత్వంలో 1987లో పుస్తకంగా వేశారు. అందులో కథల కూర్పు గమనించదగ్గది. ఏ ఇంట్లో, ఎవరి నోట విన్న కథలు వాళ్ల పేరు కిందే ఉంటాయి. కథ తనది కాదనీ, ఫలానావారు చెప్పగా విన్నాననీ చెప్పడం ఆయన మర్యాద. ఆ మర్యాద వల్లే ఎప్పుడో కన్నుమూసిన పల్లెటూరి కథకుల పేర్లు ఈనాటికీ తెలుస్తున్నాయి.

ఇంత సంపద ఉండి కూడా భాష ఎందుకు జారిపోయింది? 1890లో గేలిక్‌ను కెనడా మూడో అధికార భాష చేయాలని సెనేటర్ మెకిన్నిస్ బిల్లు పెట్టారు. సెనేటులోనే ఆ భాష వచ్చినవారు పలువురు ఉన్నా బిల్లు 42–7 ఓట్లతో వీగిపోయింది. 1892 నుంచి 1904 దాకా కేప్ బ్రెటన్‌లోని సిడ్నీ పట్టణంలో మాక్ టల్లా అనే పత్రిక పూర్తిగా గేలిక్‌లో వచ్చి ఆగిపోయింది. బడిలో గేలిక్ మాట్లాడితే దెబ్బలు పడ్డాయి. బొగ్గు గనులకు, ఉక్కు కర్మాగారానికి, బోస్టన్‌కు పోయినవాళ్లకు ఇంగ్లీషే అన్నం పెట్టింది. పిల్లలు బాగుపడాలన్న ఆశతో తల్లిదండ్రులు తమలో తాము గేలిక్ మాట్లాడుకుంటూ పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడారు. అన్నిటికంటే పెద్ద దెబ్బ అదే. శతాబ్దం కిందట వేలవేల ఇళ్లలో వినిపించిన భాష తెలుసునన్నవారు 2011 జనాభా లెక్కల నాటికి నోవా స్కోషియాలో 1,300కు లోపే.

అయినా వాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1937లో జాన్ లోర్న్ క్యాంబెల్, మార్గరెట్ ఫే షా దంపతులు స్కాట్లండు నుంచి వచ్చి ఊరూరా తిరిగి పాటలు రికార్డు చేశారు. 1977 నుంచి 1982 వరకు జాన్ షా చేసిన రికార్డింగులు ఆంటిగోనిష్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి; ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా వినవచ్చు. కేప్ బ్రెటన్ ఫిడేలు అంతరించిపోతోందని 1970ల మొదట్లో ఒక టీవీ డాక్యుమెంటరీ చెప్పింది. ఆ మాట జనానికి గుచ్చుకుంది. 1973లో గ్లెండేల్‌లో జరిగిన ఉత్సవంలో వందమందికి పైబడి ఫిడేలు వాద్యకారులు ఒకే వేదిక మీద నిలబడి జవాబు చెప్పారు. పిల్లలకు నేర్పడం ఊరూరా మొదలైంది. ఒంటారియోలో పుట్టిన మేరీ జేన్ లమాండ్ కేప్ బ్రెటన్‌లోని తాతగారి ఊరికి వస్తూ పోతూ ఆ పాటల మీద మనసు పడింది. నార్త్ షోర్ పెద్దల పక్కన కూర్చుని నేర్చుకుంది. 1990లలో దేశమంతా వినేలా గేలిక్‌లోనే పాడింది.

ఉత్సవాలతోనే సరిపోదని వాళ్లకు తెలుసు. 2006లో నోవా స్కోషియా ప్రభుత్వం గేలిక్ వ్యవహారాలకు ప్రత్యేక కార్యాలయం తెరిచింది. గేలిక్ పుట్టుభాషగా ఉన్న పెద్దవారికి ఒక నేర్చుకునే మనిషిని జతచేసే పథకం నడుస్తోంది. పాఠ్యపుస్తకంతో పని లేకుండా కలిసి వంట చేస్తూ, టీ తాగుతూ, పొలం పని చేస్తూ భాష నేర్చుకుంటారు. 2021 సెప్టెంబరులో మబూలో పూర్తిగా గేలిక్ మాధ్యమంలో ప్రాథమిక పాఠశాల తెరిచారు. ఉత్తర అమెరికాలో అలాంటి బడి అదే మొదటిది.

రికార్డింగు పాటను దాచిపెడుతుంది. పాడే సందర్భమే దాన్ని బతికిస్తుంది. కేప్ బ్రెటన్ చెప్పేది ఇదే. మన ఆడవాళ్ల రోకటి పాటలు, నాట్ల పాటలు ఆ పనులతోపాటే వెనకబడ్డాయి. కానీ మనం వదులుకోని సందర్భాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. పెళ్లిలో నలుగు పాటలు, అప్పగింతలు, బంతులాట ఉన్నాయి. పేరంటంలో మంగళహారతి ఉంది. బతుకమ్మ చుట్టూ చప్పట్లు ఉన్నాయి. ఉయ్యాలలో బిడ్డ ఉంటే లాలి పాటకు పని ఉంది. ఈ సందర్భాల్లో స్పీకరుకు పాట అప్పగిస్తే వంత పాడే గొంతులు మూగబోతాయి.

కాబట్టి సభ్యులందరికీ నా విన్నపం. వేసవిలో అమ్మమ్మో, నాయనమ్మో, తాతయ్యో మీ ఇంటికి వస్తే ఒక సాయంత్రం వాళ్లకు కేటాయించండి. పాడించండి, ఫోనులో రికార్డు చేయండి. ఆ పాట వాళ్లకు ఎవరు నేర్పారో, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో పాడేవారో అడిగి రాసిపెట్టండి. పిల్లలను దూరంగా కూర్చోబెట్టకండి, వంత పాడించండి. సంఘం తరఫున ఆ రికార్డింగులు ఒకచోట చేర్చుదాం. వచ్చే సంచికలో పాట పక్కన పాడినవారి పేరు, నేర్పినవారి పేరు, ఊరి పేరు, వాళ్ల అనుమతితో అచ్చువేద్దాం. పెద్దలు మనతో ఉన్నప్పుడే ఈ పని మొదలుపెడదాం.