లెక్క మారితే... రాజు మారతాడు!

పదిహేను సీజన్ల ఆటను ఒక్క అంకెలో చెప్పేదే కెరీర్ సగటు. చూడ్డానికి చిన్నప్పటి బడి లెక్కే. కానీ దేన్ని కూడాలి, దేనితో భాగించాలి అన్నది తప్పితే... బాస్కెట్‌బాల్ రికార్డు ఒకరి చేతిలోంచి మరొకరి చేతికి వెళ్లిపోతుంది!

అమెరికాలోని ఎన్‌బీఏ చరిత్రలో మ్యాచ్‌కు సగటున అత్యధిక పాయింట్లు చేసిన ఆటగాడెవరు? రెగ్యులర్ సీజన్ రికార్డుల్లో ఆ పేరు మైకేల్ జోర్డాన్‌ది. 1,072 మ్యాచ్‌లు, 32,292 పాయింట్లు... సగటు 30.12. ఆ వెనకే విల్ట్ ఛాంబర్లేన్. 1,045 మ్యాచ్‌లు, 31,419 పాయింట్లు... సగటు 30.07. ఇద్దరి మధ్యా తేడా పాయింటులో దాదాపు ఇరవయ్యో వంతు!

అదే లెక్కను మరోలా చేసి చూస్తే? జోర్డాన్ 15 సీజన్లు ఆడాడు. ఏ సీజన్ సగటు ఆ సీజన్‌కు వేసి, వాటన్నిటినీ కూడి 15తో భాగిస్తే వచ్చేది 29.45. ఛాంబర్లేన్ ఆడిన 14 సీజన్లకూ ఇలాగే చేస్తే 30.09. అంటే, మొదటి స్థానం ఛాంబర్లేన్‌ది అయిపోతుంది! అంకెలన్నీ నిజమైనవే. కూడికలోనూ తప్పులేదు. తప్పల్లా సగటులకు మళ్లీ సగటు కట్టడంలోనే ఉంది.

పద్దెనిమిదీ ఎనభైరెండూ ఒకటేనా?

1985-86లో జోర్డాన్ పాదం ఎముక విరిగింది. ఆ సీజన్‌లో ఆడింది 18 మ్యాచ్‌లే. 408 పాయింట్లు, సగటు 22.7. మరుసటి సీజన్‌లో మొత్తం 82 మ్యాచ్‌లూ ఆడి 3,041 పాయింట్లు చేశాడు. సగటు 37.1. ఈ రెండు సగటులనూ కూడి సగం చేస్తే 29.9. కానీ నిజంగా జరిగిందేమిటి? సరిగ్గా వంద మ్యాచ్‌ల్లో 3,449 పాయింట్లు. అంటే 34.5. గాయంతో కూర్చున్న ఏడాదికీ, అన్ని మ్యాచ్‌లూ ఆడిన ఏడాదికీ సమానమైన విలువ ఇవ్వడం వల్ల నాలుగున్నర పాయింట్లు ఎగిరిపోయాయన్నమాట.

క్రికెట్ చూసే ఇళ్లలో ఈ సూత్రం కొత్తదేం కాదు. డాన్ బ్రాడ్‌మన్ టెస్టు సగటు 99.94 ఎలా వచ్చింది? మొత్తం 6,996 పరుగుల్ని, అవుటైన 70 సార్లతో భాగిస్తేనే. సిరీస్‌ల సగటులను కూడి కాదు. ముందు మొత్తాలు కూడాలి, ఆ తరవాతే భాగించాలి. బాస్కెట్‌బాల్‌లోనూ అంతే.

జోర్డాన్ రికార్డు ఎంత సన్నటి దారం మీద నిలిచిందో కూడా ఈ మొత్తాలే చెబుతాయి. షికాగో బుల్స్‌కు ఆడిన 930 మ్యాచ్‌ల్లో అతడి సగటు 31.48. 2001లో, 38 ఏళ్ల వయసులో వాషింగ్టన్ విజార్డ్స్ తరఫున మళ్లీ బరిలోకి దిగి, రెండు సీజన్లలో 142 మ్యాచ్‌లు ఆడాడు. సగటు క్రమంగా కరిగి 30.12కు వచ్చింది. కెరీర్ మొత్తమ్మీద ఇంకో 62 పాయింట్లు తగ్గి ఉంటే కిరీటం ఛాంబర్లేన్‌దే!

గురి ఎంత?

పాయింట్ల సగటుది మొదటి మెట్టు మాత్రమే. ఎన్ని పాయింట్లు చేశాడన్నదే కాదు, అందుకు ఎన్ని అవకాశాలు ఖర్చుపెట్టాడన్నదీ చూడాలంటారు విశ్లేషకులు. అందుకోసం పుట్టిందే ‘ట్రూ షూటింగ్’ శాతం. బుట్టలోకి విసిరిన మామూలు షాట్లకు, ఫ్రీ త్రోల సంఖ్యలో 0.44 వంతును కలపాలి. వచ్చినదాన్ని రెట్టింపు చేసి, దాంతో పాయింట్లను భాగించాలి.

0.44 ఎందుకు? ఫ్రీ త్రోలు ఎక్కువగా జంటగా వస్తాయి. రెండూ కలిసి ఒక అవకాశం. ఆ లెక్కన సగం, అంటే 0.5 వేయాలి. కానీ షాట్ పడ్డాక అదనంగా దొరికే ఫ్రీ త్రో, టెక్నికల్ ఫౌల్‌కు వచ్చే ఫ్రీ త్రో కొత్త అవకాశాన్ని ఖర్చుచేయవు. అందుకే ఆ సగం కాస్త తగ్గింది.

కెరీర్ మొత్తానికి జోర్డాన్ విసిరిన షాట్లు 24,537. ఫ్రీ త్రోలు 8,772. వీటిని సూత్రంలో వేస్తే 56.9 శాతం. ఛాంబర్లేన్‌కు ఇదే లెక్కన 54.7 శాతం. ఇక్కడ మ్యాచ్‌ల సంఖ్యతో పనేలేదు. ఎక్కువ షాట్లు విసిరిన ఏడాది మాటే ఎక్కువ చెల్లుతుంది.

నిమిషాలదే పెత్తనం

మొత్తాలు కూడటానికి వీల్లేని కొలమానాలూ ఉన్నాయి. జాన్ హోలింజర్ రూపొందించిన ‘ప్లేయర్ ఎఫిషియన్సీ రేటింగ్’ అలాంటిదే. పాయింట్లు, రీబౌండ్లు, పాస్‌లు, పొరపాట్లు... అన్నిటినీ కలిపి ఆటగాడికి ఒకే మార్కు ఇస్తుందిది. ఏ సీజన్‌కు ఆ సీజన్‌లో లీగ్ సగటు 15 వచ్చేలా సర్దుతారు. ఒక్కో ఏడాదికి ఒక్కో సర్దుబాటు కాబట్టి, కెరీర్ అంతా ఒకేసారి సూత్రంలో వేయడం కుదరదు. అందుకే ప్రతి సీజన్ రేటింగునూ ఆ సీజన్‌లో ఆడిన నిమిషాలతో హెచ్చవేసి, అన్నిటినీ కూడి, మొత్తం నిమిషాలతో భాగిస్తారు.

ఉదాహరణకు 1987-88లో జోర్డాన్ రేటింగ్ 31.7. ఆడింది 3,311 నిమిషాలు. బేస్‌బాల్ నుంచి తిరిగొచ్చిన 1994-95లో రేటింగ్ 22.1. ఆడింది 668 నిమిషాలే. రెండింటినీ కూడి సగం చేస్తే 26.9. నిమిషాల తూకం వేస్తే 30.1. ఇలా అన్ని సీజన్లకూ కడితే వచ్చే కెరీర్ రేటింగ్ 27.9.

‘విన్ షేర్స్’ది మరో తీరు. జట్టు విజయాల్లో ఎవరి వాటా ఎంతో పంచి చెప్పే లెక్క ఇది. ఏటేటా వచ్చిన వాటాలను నేరుగా కూడేయొచ్చు. జోర్డాన్ మొత్తం 214. అయితే ఎక్కువకాలం ఆడినవారికి సహజంగానే మొత్తం పెరుగుతుంది. అందుకే ఆ మొత్తాన్ని మ్యాచ్ నిడివి అయిన 48 నిమిషాలకు కుదిస్తారు. 214ను 48తో హెచ్చించి, జోర్డాన్ ఆడిన 41,011 నిమిషాలతో భాగిస్తే 0.250. సగటు ఆటగాడికి ఇది 0.100 దరిదాపుల్లో ఉంటుంది.

రాయని లెక్క

ఎంత పకడ్బందీగా కట్టినా, సగటు చెప్పేది రాసిపెట్టిన దాని గురించే. ప్రత్యర్థి షాట్‌ను గాల్లోనే అడ్డుకునే ‘బ్లాక్’లనూ, బంతిని లాక్కునే ‘స్టీల్’లనూ ఎన్‌బీఏ అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74 సీజన్ నుంచి. పొరపాటున బంతి పోగొట్టుకున్న ‘టర్నోవర్ల’ లెక్కయితే 1977-78 నుంచే ఉంది. ఏడడుగులకు పైగా పొడవుతో బుట్ట ముందు కోటగోడలా నిలబడిన ఛాంబర్లేన్ చివరి సీజన్... 1972-73!

అంటే, అతడు అడ్డుకున్న ఒక్క షాట్ కూడా అధికారిక ఖాతాలో లేదు. జోర్డాన్ రేటింగు పక్కన ఛాంబర్లేన్ రేటింగును పెట్టి చూసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాల్సిందే. ఒకరి మార్కుల జాబితాలో అన్ని సబ్జెక్టులూ ఉన్నాయి. రెండోవారి జాబితాలో కొన్ని పరీక్షలు అసలు జరగనేలేదు!