గాడ్జిల్లా కథలో తల్లి



గత వేసవిలో మేము మేడ్చలు చేరువనున్న గౌడవెల్లిలో మా బంధువుల యింట కొన్ని దినములుంటిమి. అచ్చట పిల్లలు మాకు గాడ్జిల్లా యను మహాజంతువు కథను రెండు విధములుగా చూపిరి. మొదటిది 1954లో జపానువారు తీసిన నలుపు తెలుపుల చిత్రము. రెండవది 1998లో అమెరికావారు మరల తీసిన రంగుల చిత్రము. హంగులన్నియు రెండవదానివే. అయినను అది ముగియగానే మా మేనల్లుడు మొగము ముడుచుకొని, "అత్తా, ఇది గాడ్జిల్లా గాదు, పెద్ద తొండ!" అనెను. లోకమందలి అభిమానులలో పెక్కుమంది మాటయు నిదియే. ఏల యిట్లయ్యెనో విచారింతము.

1954 మార్చి 1వ తేదీన అమెరికావారు బికినీ దీవులలో ఉదజని బాంబును ప్రేల్చిరి. ఆ విషధూళి జపాను పడవయొకదానిలోని 23 మంది జాలరులపై బడెను. వారిలో నొకడు సెప్టెంబరులో మరణించెను. హిరోషిమా, నాగసాకి గాయములు అప్పటికి మానలేదు. నవంబరులో ఇషిరో హోండా దర్శకత్వమున ఈ చిత్రము వెలువడెను. బాంబు మేల్కొలిపిన ఆ జంతువు ఆ జాతి దుఃఖమునకు రూపము.

రబ్బరుతొడుగులో మనుష్యుడు నడచుట చూచి పిల్లలు మొదట నవ్విరి. టోక్యో తగులబడుచుండగా వీధిలో నొక తల్లి బిడ్డలను పొదివికొని, త్వరలో తండ్రిని చేరుకొందుమని యూరడించు ఘట్టము రాగానే నవ్వు నిలిచెను. తుదకు సెరిజావా యను శాస్త్రజ్ఞుడు తాను కనుగొన్న మారణసాధనము మరియొక బాంబు కాగూడదని తన వ్రాతలను కాల్చి, సముద్రగర్భమున ఆ జంతువుతోపాటు తానును మడియును.

రోలాండ్ ఎమెరిక్ తీసిన 1998 చిత్రమునను అణుపరీక్షలు కలవు. కాని అవి ఫ్రెంచివారివి, ప్రస్తావన మాత్రమే. జంతువు న్యూయార్కు వీధులలో పరుగెత్తి, దాగి, గ్రుడ్లు పెట్టి, తుదకు వంతెన తీగెలలో చిక్కి విమానముల దెబ్బకు కూలును. మేడలు కూలినవి, ఒక్క యింటి యేడ్పును మా చెవిని బడలేదు.

మన భారతమున బకాసురుని కథ తలంపుడు. ఏకచక్రపురమున ఆ బ్రాహ్మణకుటుంబము నేను పోదునన నేను పోదునని విలపింపకున్నచో, కుంతి తన బిడ్డను పంపకున్నచో, మిగులునది వట్టి కుస్తీయే గదా!

పరదేశీయులు తీయుటయే దోషమని మా యభిప్రాయము కాదు. వేడుకకై చూచువారికి ఆ పరుగులు చాలును. కాని పేరు నిలుపుకొని ప్రాణము విడిచిపెట్టినచో, ఆ పేరును ప్రేమించినవారు నొచ్చుకొనుట సహజము. 2023లో జపానువారే తీసిన "గాడ్జిల్లా మైనస్ వన్" యుద్ధానంతరము శిథిలమైన టోక్యోలో ఒక అనాథశిశువును పెంచు చిన్న సంసారమును కథకు నడుమ నిలిపెను. మరుసటి యేట దృశ్యమాయాజాలమునకు ఆస్కారు బహుమానమును పొందెను. మాయాజాలమును, కన్నీరును ఒకచోట నిముడునని దీనివలన తెలియుచున్నది.

ఆ రాత్రి పండుకొనబోవుచు మా మేనల్లుడు, "అత్తా, ఆ అమ్మ బతికిందా?" అని యడిగెను. రెండవ చిత్రమునుగూర్చి ఒక్క ప్రశ్నయైన నడుగలేదు.